బడి భారమెవరిది?

భారత రాజ్యాంగమున పాఠశాలలకు ఇయ్యవలసిన ద్రవ్యమును లెక్కతో సహా వ్రాసిపెట్టిన అధికరణమొకటి కలదు. అది 337వ అధికరణము. ఆంగ్లో-ఇండియన్ సమాజపు విద్యకై 1948 మార్చి 31తో ముగిసిన సంవత్సరమున ఎంత గ్రాంటు ఇయ్యబడెనో, రాజ్యాంగము అమలునకు వచ్చిన మొదటి మూడు సంవత్సరములును అంతియే ఇయ్యవలెనని అది శాసించినది. ఆ పిమ్మట ప్రతి మూడేండ్లకు నూటికి పది చొప్పున తగ్గించుకొనవచ్చును. పదేండ్లు ముగిసిన తరువాత ఆ ప్రత్యేక సౌకర్యము ఆగిపోవును. గ్రాంటు పొందు బడి తాను చేర్చుకొను పిల్లలలో నూటికి నలుబది స్థానములైనను ఇతర సమాజములవారికి తెరచి యుంచవలెను. ఎవరు ఇయ్యవలెను, ఎంత ఇయ్యవలెను, ఎన్నాళ్లు, ఏ షరతుపై అను నాలుగు ప్రశ్నలకును అందు సమాధానము కలదు. 1958లో కేరళ విద్యా బిల్లు సుప్రీంకోర్టు అభిప్రాయమునకు వచ్చినప్పుడు, ఆ బడులకు హక్కుగా రావలసిన గ్రాంటునకు రాష్ట్ర ప్రభుత్వము కొత్త బరువులు తగిలింపరాదని న్యాయమూర్తులు చెప్పగలుగుటకు ఆ స్పష్టతయే ఆధారమైనది.

అదే గ్రంథమున 290-ఎ అధికరణము ఇంకొక అడుగు ముందునకు వేసినది. కేరళ రాష్ట్ర సంచిత నిధి నుండి ఏటేట రూ. 46,50,000 తిరువాన్కూరు దేవస్వం నిధికిని, తమిళనాడు సంచిత నిధి నుండి రూ. 13,50,000 ఆ రాష్ట్రపు దేవస్వం నిధికిని చెల్లింపవలెనని అది అంకెలు వేసి మరీ చెప్పుచున్నది. 1956లో సరిహద్దులు మారినప్పుడు పాత బాస చెడకుండుటకై చేసిన ఏర్పాటది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. రాజ్యాంగమువంటి పవిత్ర గ్రంథమున రూపాయలు పైసలు వ్రాయుట తగదని ముక్కు విరుచువారికి మాత్రము ఈ పుట చూపవచ్చును.

ఇంత లెక్క తెలిసిన గ్రంథము, దేశమునందలి పిల్లలందరి బడిని గూర్చి మాటాడవలసి వచ్చినప్పుడు లెక్క మరచినది. 2002లో 86వ సవరణచే చేర్చబడిన 21-ఎ అధికరణము, ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలబాలికలందరికిని రాజ్యము ఉచిత నిర్బంధ విద్యను కల్పింపవలెనని చెప్పినది. ఏ రీతిగా? రాజ్యము శాసనము ద్వారా నిర్ణయించిన రీతిగా. ఎవరి ధనముతో? ఆ ప్రశ్నయే ఆ వాక్యమున లేదు. అప్పుపత్రమున రావలసినవాని పేరుండి, తీర్చవలసినవాని పేరు లేకున్నచో ఏ వడ్డీ వ్యాపారియు దానిని పెట్టెలో దాచుకొనడు. అట్టి పత్రమును కోట్ల కొలది పిల్లల చేతికిచ్చి, వారికి ప్రాథమిక హక్కు ప్రసాదించితిమని పార్లమెంటు బల్లలు చరచినది.

ఇందు భాష చేసిన చిక్కొకటి కలదు. అనువాదకులకది వెంటనే కనబడును, న్యాయవాదులకు ఆలస్యముగా. రాజ్యాంగపు హిందీ పాఠమున ఒకే మాట రెండు పనులు చేయుచున్నది. ‘రాజ్య’ అనగా ఒకచోట 12వ అధికరణము చెప్పు సమస్త ప్రభుత్వ వ్యవస్థ: కేంద్ర ప్రభుత్వము, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వములు, శాసనసభలు, స్థానిక సంస్థలు అన్నియు. అదే ‘రాజ్య’ ఆరవ భాగమునకు వచ్చునప్పటికి బీహారు, ఉత్తరప్రదేశ్ వంటి ఒక్కొక్క రాష్ట్రము. ఇక హిందీలో ‘రాష్ట్ర’ మన్నచో యావద్దేశము! ఈ విషయమున తెలుగు అదృష్టము గల భాష. అందు రాజ్యము వేరు, రాష్ట్రము వేరు. తెలుగు పాఠము చదువువానికి 21-ఎ అధికరణమున ‘రాజ్యము’ అను మాట చూడగానే సందేహము కలుగును: ఢిల్లీయా, హైదరాబాదా, అమరావతియా, మండల పరిషత్తా? హిందీ పాఠము చదువు అధికారికి ఆ సందేహము కలుగ నక్కరలేదు. డబ్బిచ్చువేళ కేంద్రమువారికి ‘రాజ్య’ మనగా రాష్ట్రము. రాష్ట్రములవారికి అదే మాటకు అర్థము కేంద్రము. పదిమంది చేతిలో పాము చావదను సామెతకు ఇంతకన్న రాజ్యాంగబద్ధమైన ఉదాహరణము దొరకదు.

తప్పించుకొను ఈ విద్య స్వాతంత్ర్యముతో పుట్టినది కాదు. గోపాలకృష్ణ గోఖలే 1911 మార్చిలో ఇంపీరియల్ శాసనసభలో ప్రాథమిక విద్యా బిల్లు ప్రవేశపెట్టిరి. ఆ బిల్లు ఎంత వినయముగా ఉన్నదో నేటివారికి ఆశ్చర్యము కలుగును. దేశమంతట నిర్బంధము లేదు; అప్పటికే కొంతమేర పిల్లలు బడికి పోవుచున్న ప్రాంతములలో, స్థానిక సంస్థ కోరినచో మాత్రమే. కాని గోఖలే ఒక్క విషయమున వినయము చూపలేదు. ఖర్చులో స్థానిక సంస్థ ఒక వంతు, ప్రభుత్వము రెండు వంతులు భరింపవలెనని పంపకము తేల్చి చెప్పిరి. 1912 మార్చి 19న బిల్లు 38 ఓట్లకు 13 ఓట్ల తేడాతో ఓడినది. ఆంగ్ల అధికారులు చెప్పిన కారణములలో ప్రజల అనాసక్తి మొదలు పరిపాలనా కష్టముల వరకు ఎన్నో కలవు. అన్నిటి అడుగునను ఉన్నది ఖజానా తాళము. గోఖలే కోరిన మూడింట రెండు వంతులను శాసనమున వ్రాసి ఒప్పుకొన్న కేంద్ర ప్రభుత్వము ఈ నూట పదేండ్లకు పైబడిన కాలమున ఒక్కటియు లేదు.

స్వతంత్ర భారతమునకు రాజ్యాంగము వ్రాయ కూర్చున్నవారు మొదట ధైర్యము చూపిరి. ప్రాథమిక హక్కుల ఉపసంఘము ఉచిత ప్రాథమిక విద్యను న్యాయస్థానము ద్వారా రాబట్టుకొనదగిన హక్కుగానే ఉంచినది. 1947 ఏప్రిలులో అది సలహాసంఘము ముందునకు వచ్చినప్పుడు, ప్రభుత్వమువద్ద డబ్బు లేకున్న ఏమగునని రత్నస్వామి ప్రశ్నించిరి. నెల్లూరు సీమలో పుట్టిన అల్లాది కృష్ణస్వామి అయ్యరు ఆ క్లాజునే తొలగింపుమనిరి. గోవింద వల్లభ పంతు దానిని న్యాయస్థానములకు అందని భాగమునకు మార్చుడనిరి. మార్చిరి. అంతతో ముగియలేదు. చిత్తుప్రతిలో ప్రతి పౌరుడును ఉచిత ప్రాథమిక విద్యకు ‘హక్కుదారు’ అను మాట మిగిలియుండెను. 1948 నవంబరు 23న లక్ష్మీకాంత మైత్ర దానిని కూడ తీసివేయ కోరగా, అంబేద్కరు అంగీకరించిరి. కాని పదునాలుగేండ్ల వయఃపరిమితిని తగ్గింపుమన్నవారి మాట ఆయన వినలేదు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదని రాజ్యాంగమే నిషేధించినప్పుడు, ఆ వయసు వరకు వారుండవలసిన చోటు బడి కాక మరేదని ఆయన వాదము. ఆ వాదమునకు నేటికిని జవాబు లేదు. అది నిలిచినది, దాని ఖర్చు మాత్రము ఎవరి ఖాతాలోను పడలేదు.

అట్లు 45వ అధికరణము పుట్టినది. ఆదేశ సూత్రములన్నిటిలోను గడువు గల సూత్రమదియొక్కటే: పదేండ్లు. ఆ గడువు 1960 జనవరి 26తో తీరినది. దేశమున ఆనాడెవ్వరును రాజీనామా చేయలేదు. జమ్ము-కాశ్మీరమునకు అప్పట్లో వేరుగా ఒక రాజ్యాంగముండెను. 1957 జనవరి 26న అమలునకు వచ్చిన ఆ రాష్ట్ర రాజ్యాంగము 20వ విభాగమున విశ్వవిద్యాలయపు మెట్టు వరకు ఉచిత విద్యను, పదేండ్లలో నిర్బంధ విద్యను వాగ్దానము చేసినది. 2019లో చెల్లకుండ పోవు వరకు ఆ రాజ్యాంగము కూడ రాజ్యము ‘ప్రయత్నించు’నని మాత్రమే పలికినది, ఖజానా పేరు ఎత్తలేదు. పెద్ద రాజ్యాంగము మరచినదానిని చిన్న రాజ్యాంగమును మరచినది.

తరువాతి కథలో రెండు మలుపులు చాలును. 1976 నాటి 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చినది. అధికారము ఉమ్మడియైనది, ఆ సవరణ ఖర్చును గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. పిదప 1993లో ఉన్నికృష్ణన్ కేసు వచ్చినది. అందు ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము. వ్యాజ్యము ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల రుసుములను గూర్చినది. ఆ తగవు నడుమ సుప్రీంకోర్టు, పదునాలుగేండ్ల వరకు విద్య జీవించు హక్కులో భాగమని చెప్పినది. ఆ వయసు దాటిన తరువాత హక్కు ప్రభుత్వపు ఆర్థిక శక్తికి లోబడియుండునని, అంతకు లోపల అట్టి హద్దు లేదని ఆ తీర్పు. వైద్య, ఇంజనీరింగు కళాశాలల డొనేషన్ల తగవు తీర్పు చెప్పబోయి, న్యాయస్థానము పలకా బలపము పట్టిన పిల్లవానికి హక్కు ఇచ్చినది! ప్రభుత్వములు కోరి ఇచ్చిన హక్కు కాదది.

ఆ తీర్పును రాజ్యాంగమున ఎక్కించుటకు పార్లమెంటునకు తొమ్మిదేండ్లు పట్టినది. ఆ నడుమ తాపస్ మజుందారు అధ్యక్షతన ఒక నిపుణుల సంఘము ఖర్చు లెక్కకట్టి 1999లో నివేదిక ఇచ్చినది: పదేండ్లలో అదనముగా సుమారు రూ. 1,37,000 కోట్లు. సవరణ బిల్లు వెంట వచ్చిన ద్రవ్య వివరణ పత్రమున ఆ మొత్తము రూ. 98,000 కోట్లకు, అనగా ఏటికి రూ. 9,800 కోట్లకు దిగినది. మూడింట ఒక వంతుకు దగ్గరగా ఎక్కడికి పోయినదో బిల్లు చెప్పలేదు. అమలు శాసనమగు విద్యాహక్కు బిల్లు వచ్చునప్పటికి ఆ అంకె కూడ మాయమైనది. ఎంత ఖర్చగునో ప్రస్తుతము లెక్కింప వీలుకాదని దాని ద్రవ్య వివరణ పత్రము పలికినది. పదేండ్ల క్రిందట లెక్క తెలిసినవారికి పదేండ్లు గడచిన తరువాత లెక్క తెలియకపోవుట శాస్త్ర ప్రగతిలో కొత్త సంగతి. రాష్ట్రపతి ఆమోదము 2002 డిసెంబరున లభించిన సవరణ అమలునకు వచ్చినది 2010 ఏప్రిలు 1న. ఆమోదము నాడు ఏడేండ్లు నిండిన పిల్ల, అమలు నాటికి పదునాలుగు దాటినది. హక్కు ఆమె వెంట పరుగెత్తెను గాని అందుకొనలేదు.

ఇక 2009 విద్యాహక్కు చట్టపు 7వ విభాగము చదువదగినది. నిధులు సమకూర్చు బాధ్యత కేంద్ర రాష్ట్రములకు ఉమ్మడి యని మొదటి ఉపవిభాగము. ఖర్చు అంచనాలు కేంద్రము తయారు చేయునని రెండవది. రాష్ట్రములతో సంప్రదించి, అప్పుడప్పుడు తాను నిర్ణయించు శాతమును కేంద్రము గ్రాంటుగా ఇచ్చునని మూడవది. ఆ శాతమెంత? చట్టమున లేదు. ఐదవ ఉపవిభాగమున అసలు సంగతి కలదు: ఏమి చెప్పబడినను, కేంద్రమిచ్చిన సొమ్మును తన ఇతర వనరులను చూచుకొని చట్టము అమలునకు కావలసిన నిధులు సమకూర్చు బాధ్యత రాష్ట్రముది. పెండ్లి ఉమ్మడిగా చేయుదమని పిలిచి, పందిరికి తోచినంత ఇచ్చి, మిగిలినదంతయు మీదే యని చెప్పు బంధువు తీరు ఇది.

శాతము ‘అప్పుడప్పుడు’ ఎట్లు మారినదో సర్వశిక్షా అభియాన్ చరిత్ర చెప్పును. తొమ్మిదవ ప్రణాళికా కాలమున కేంద్రపు వాటా 85, రాష్ట్రములది 15. పదవ ప్రణాళికలో 75, 25. పదునొకండవ ప్రణాళిక మొదట 65, 35. అచ్చటి నుండి మెట్టు మెట్టుగా సగమునకు దింపవలెనని సంకల్పము. 2010లో హక్కు అమలు కావలసి వచ్చి దానిని మరల 65 దగ్గర నిలిపిరి. 2015-16 నుండి 60, 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము 90, 10. పదునాలుగవ ఆర్థిక సంఘము పన్నులలో రాష్ట్రముల వాటాను 32 నుండి 42 శాతమునకు పెంచినది గదా యని చివరి తగ్గింపునకు కారణము చూపిరి. కారణము అసంబద్ధము కాదు. కాని హక్కు దినదినమునకు గట్టిపడుచున్నదని సభలలో చెప్పిన ఆ కాలమందే దానిని మోయు పెద్ద భుజము క్రమముగా ప్రక్కకు జరిగినది.

సెస్సు సంగతి ఇంకను విచిత్రము. 2004లో ప్రాథమిక విద్యకని పన్నులపై నూటికి రెండు, 2007లో ఉన్నత పాఠశాల, కళాశాల విద్యకని నూటికి మరియొకటి వేసిరి. పౌరుడు తన బిడ్డ బడికని నమ్మి చెల్లించెను. సెస్సు రాష్ట్రములతో పంచుకొను పన్నులలో చేరదు. 270వ అధికరణము దానిని వెలుపల నుంచినది. అనగా బడి పేరు చెప్పి వసూలైన సొమ్ములో, బడులను నడపుచున్న రాష్ట్రములకు హక్కుగా రావలసిన వాటా లేదు. ప్రాథమిక విద్య సెస్సునకు 2005లో ప్రారంభిక శిక్షా కోశ్ అను నిధినైనను ఏర్పరచిరి. రెండవ సెస్సునకు 2017 వరకు నిధియే లేదు. అంతవరకు వసూలైన రూ. 83 వేల కోట్లకు పైబడిన మొత్తము ఏ పథకమునకు పోయినదో గుర్తింపబడలేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఎత్తిచూపవలసి వచ్చినది. 2018లో రెండును కలసి ఆరోగ్య విద్యా సెస్సు అను పేర నాలుగు శాతమైనవి. అందు బడికెంత, ఆసుపత్రికెంత యని సామాన్యుడు అడిగిన జవాబు చెప్పువారు లేరు.

వ్రాయని బాధ్యత మెల్లగా దానముగా మారును. దానము చేయువాడు షరతులు పెట్టును. 2024-25లో తమిళనాడునకు సమగ్ర శిక్షా పథకము క్రింద రావలసిన నిధులు, పీఎం శ్రీ పాఠశాలల ఒప్పందముపై ఆ రాష్ట్రము సంతకము చేయకపోవుటతో ఆగిపోయినవి. ఆ ప్రభుత్వము చెప్పిన లెక్క సుమారు రూ. 2,152 కోట్లు. 2025 మే నెలలో అది కేంద్రముపై సుప్రీంకోర్టున దావా వేసినది. జాతీయ విద్యావిధానము మంచిదా చెడ్డదా, త్రిభాషా సూత్రము కావలెనా వద్దా అనునది వేరు తగవు. హిందీ నేర్చి, దానివలన మేలు పొందినవారు సయితము ఈ రెంటిని ముడిపెట్టుటను సమర్థింపలేరు. రామేశ్వరమునందలి రెండవ తరగతి పిల్లకు ఆ ఒప్పందపు పత్రముతో సంబంధము లేదు. ఆమె హక్కు 21-ఎ అధికరణమున కలదు. ఆమె పంతులమ్మ జీతము మాత్రము ఇద్దరు కార్యదర్శుల ఉత్తర ప్రత్యుత్తరములలో చిక్కుకొన్నది. వడ్డించువాడు మనవాడైన కడపంక్తిని కూర్చున్నను కొదువ లేదందురు. రాజ్యాంగపు హక్కు పంక్తిలో కూర్చున్న పిల్లకు వడ్డించువాడెవడైన నేమి?

ఇందులకు మూడు అభ్యంతరములు వినవచ్చును. మొదటిది శాసనసభల స్వేచ్ఛను గూర్చినది: ఏటేటి బడ్జెటు ఆ ఏటి సభ ఇష్టము, రాజ్యాంగము దాని చేతులు కట్టరాదు. వినుటకు ఇంపైన మాట. కాని 112, 202 అధికరణములు తెరచి చూచిన, సభలు ఓటు వేయ వీలులేక చర్చించుటకు మాత్రము వీలుగల ఖర్చుల పట్టిక కనబడును: రాష్ట్రపతి, గవర్నరుల వేతనములు, న్యాయమూర్తుల జీతములు, ప్రభుత్వపు అప్పులపై వడ్డీ. అప్పిచ్చిన బ్యాంకునకు వాయిదా తప్పరాదని రాజ్యాంగము సభ చేతులు కట్టినప్పుడు ఎవరికిని ప్రజాస్వామ్యము గుర్తునకు రాలేదు. పంతులు జీతము వంతు వచ్చునప్పటికి వచ్చినది.

రెండవది, డబ్బు లేదనునది. ఇది 1912లో ఉన్నది, 1947లో ఉన్నది, నేడును ఉన్నది. 1937లో గాంధీజీ ఈ ప్రశ్ననే ఇంకొక రూపున ఎదుర్కొనిరి: బడులు నడచునది సారా కాంట్రాక్టుల ఆదాయముతో, మద్యము నిషేధించిన బడికి డబ్బెచ్చట? బడి తన ఖర్చు తానే సంపాదించుకొనవలెనని ఆయన చెప్పిన మార్గము నిలువలేదు గాని, ప్రశ్న నిలిచినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో పాఠము నేర్చిన స్త్రీలు సారా అంగడి మూయించిరి. 1995లో రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చినది. 1997లో ఖజానాకు గండి పడినదను కారణముతో సడలినది. చదువు సారాను ఓడించెను, సారా ఆదాయము మరల గెలిచెను. డబ్బు లేదను ప్రభుత్వములకు ఏ డబ్బు కావలెనో బాగుగనే తెలియును. 1966లో కొఠారీ సంఘము జాతీయాదాయమున ఆరు శాతము విద్యకు కావలెననెను, గడువు 1985-86. 1968, 1986, 2020 విద్యావిధానములు మూడును ఆ ఆరునే మరల మరల వ్రాసినవి. 2020 విధానపత్రమే తన నాటికి ఖర్చు 4.43 శాతమని ఒప్పుకొన్నది.

ఖచ్చితముగా వ్రాసిన డబ్బు ఎట్లు వచ్చునో మధ్యాహ్న భోజనము చెప్పును. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలందలి ప్రతి బిడ్డకును వండిన అన్నము పెట్టవలెననెను, ఊరక అనలేదు. కనీసము 300 కేలరీలు, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులు, ఏటికి కనీసము 200 దినములు, ఆరు నెలల గడువు. డబ్బు లేదని మొరపెట్టుకొన్న రాష్ట్రములు ఒకటి రెండేండ్ల ఆలస్యముతోనైనను పొయ్యి రాజేసినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైనది. నాణ్యతను గూర్చి ఫిర్యాదులు నేటికిని కలవు. అయినను పళ్లెమున ఏముండవలెనో వ్రాసియుండుటచేతనే ఆ ఫిర్యాదు చేయుటకు వీలైనది. ఉపాధ్యాయ ఖాళీలు నూటికి పది మించరాదని విద్యాహక్కు చట్టము 26వ విభాగమున చెప్పుచున్నది. మించినచో ఎవరు ఏమి చెల్లింపవలెనో చెప్పలేదు. అందుచేత ఖాళీ కుర్చీ ఖజానాకు ఆదాయైనది.

మూడవ అభ్యంతరము అసలైనది: వ్రాసినంత మాత్రమున జరుగునా? ఇతర దేశముల అనుభవము రెండు విధములుగను మాటాడును. అమెరికాలో విద్య రాష్ట్ర రాజ్యాంగముల పని. న్యూజెర్సీ రాష్ట్రము 1875లో తన రాజ్యాంగము సవరించి సమగ్రమైన, సమర్థమైన ఉచిత పాఠశాలా వ్యవస్థ నడుపుట శాసనసభ విధి యని వ్రాసికొన్నది. ఆ రెండు మాటలను పట్టుకొని 1973లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము నిధుల పంపకమును కొట్టివేసినది. శాసనసభ తాత్సారము చేయగా 1976 జులై 1న బడులే మూయించినది. కొద్ది దినములలో ఆదాయపు పన్ను శాసనమైనది. వాషింగ్టన్ రాష్ట్రపు 1889 రాజ్యాంగము పిల్లలందరి విద్యకు పుష్కలముగ ఏర్పాటు చేయుట రాష్ట్రపు పరమ విధి యన్నది. 2015లో అచ్చటి న్యాయస్థానము శాసనసభకు దినమునకు లక్ష డాలర్ల జరిమానా వేసినది. కాని కొలరాడో 2000లో ప్రజల ఓటుతో తన రాజ్యాంగమున, ఒక్కొక్క పిల్లవానిపై పెట్టు మూల వ్యయము ధరలతో పాటు పెరుగవలెనని వ్రాసికొనగా, 2010లో శాసనసభ మూల వ్యయమును పెంచుచునే మొత్తమున కొంత కోసివేయు కిటుకు కనిపెట్టినది. 2015లో న్యాయస్థానము దానిని చెల్లుననెను. ఇండొనేసియా 2002లో బడ్జెటున ఇరువది శాతము విద్యకని వ్రాసికొన్నది. 2008లో ఉపాధ్యాయుల జీతములు కూడ ఆ ఇరువదిలోనివే యని తేలి, లెక్క నింపుట తేలికైనది. బ్రెజిల్ మెరుగు: 1988 రాజ్యాంగమున కేంద్రమునకు పన్నులలో 18 శాతము, రాష్ట్రములకు పురపాలికలకు 25 శాతము అని విడివిడిగా వ్రాసి, తరువాత 1996, 2006, 2020 సవరణలచే పిల్లల సంఖ్యననుసరించి పంచు నిధిని గట్టిపరచినది. ఇరుగుపొరుగున మాత్రము భారతపు పొరపాటే ప్రతిధ్వనించుచున్నది: పాకిస్తాను 2010లో చేర్చిన 25-ఎ అధికరణము ‘చట్టము నిర్ణయించు రీతిని’ అను ఆ పాత కిటికీని అట్లే తెరచియుంచినది.

ఈ అనుభవమును బట్టి శాతములు చాలవు. శాతమున దేనినైనను ఇమిడ్చి లెక్క నింపవచ్చును. 21-ఎ అధికరణమునకు ఉపవాక్యములుగా చేరవలసినవి ఇవి: ఒక్కొక్క బిడ్డకు నియత ప్రమాణములతో బడి నడుపుటకగు కనీస వ్యయమును ప్రతి అయిదేండ్లకు ఆర్థిక సంఘము లెక్కించి ప్రకటింపవలెను, ఉపాధ్యాయుల జీతము, భవనము, పుస్తకములు అందు ఏవేవి చేరునో పేరుపేరున చెప్పవలెను. అందు కేంద్రపు వాటా ఆ అయిదేండ్లు మారరాదు. బీద రాష్ట్రమునకు హెచ్చు, ధనిక రాష్ట్రమునకు తక్కువ. ఇరుపక్షముల వాటాయును సంచిత నిధిపై భారితమైన ఖర్చు కావలెను. విద్య పేర వేసిన సెస్సు విద్యకే, పిల్లల సంఖ్యననుసరించి, రాష్ట్రములకు చేరవలెను. ఆ డబ్బునకు విద్యాప్రమాణములు తప్ప వేరు షరతు ఉండరాదు. ఇందు అసాధ్యమైనదేదియు లేదు. పదమూడవ ఆర్థిక సంఘము 2010-15 కాలమునకు ప్రాథమిక విద్యకని ప్రత్యేకముగ రూ. 24,068 కోట్ల గ్రాంటు లెక్కించి ఇప్పించినది. లెక్కించు చేయి కలదు. దానికి ఆ పని విధిగా అప్పగింపలేదంతే.

ఒక చిక్కు మిగిలియున్నది, దానిని దాచరాదు. 368వ అధికరణమున రాష్ట్ర శాసనసభల అనుమోదము కావలసిన విషయముల పట్టికలో 21-ఎ గాని, గ్రాంటులను గూర్చిన 275 గాని, ఆర్థిక సంఘమును గూర్చిన 280 గాని లేవు. 86వ సవరణ అట్లే రాష్ట్రముల అనుమోదము లేకయే సాగినది. బరువు మోయవలసినవారిని అడుగక బరువు నిర్ణయించిరి. ఈ సారి న్యాయముచే అవసరము కాకున్నను మర్యాదచే అవసరము. ముసాయిదాను ప్రతి రాష్ట్ర శాసనసభకును పంపి, ప్రతి సభయు తన సంచిత నిధిపై పడు అంకెను చూచి, చర్చించి, తీర్మానించి పంపిన పిమ్మట పార్లమెంటు ఓటు వేయవలెను. అంకె చూచి వెనుకాడు సభలుండవచ్చును. ఏ సభ వెనుకాడినదో, ఏ అంకె దగ్గర వెనుకాడినదో, ఆ రాష్ట్రపు తల్లిదండ్రులు సభా కార్యక్రమముల పుస్తకమున చదువుకొందురు.